రెండో వైపు చివరి పాట

మామ పోయాడన్న కబురు నాకు ఫోను గ్రూపులో తెలిసింది. కామారెడ్డిలో నా జిరాక్సు షాపు షట్టర్ ఎత్తుతుంటే జేబులో ఫోను మోగింది. మా పాత పాటల రికార్డుల గ్రూపులో, ఫోటో స్టూడియో నడిపే అన్న రెండు ముక్కలు పెట్టాడు: "మామ పోయిండు. పొద్దుగాల, ఎల్లారెడ్డిల." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వస్తున్నాయి. షట్టర్ మళ్లీ దించేసి బస్టాండుకు నడిచాను.

ఆయన నాకు చుట్టం కాదు. కామారెడ్డిలో మా పక్కింట్లో ఉండేవాళ్లు. చిన్నప్పటి నుంచి ఆయన్ను మామ అన్నాను, ఆయన భార్యను అత్తమ్మ అన్నాను, అంతే. కానీ నాకు వినడం నేర్పిన మనిషి ఆయన. ఆయన గురించి మంచి రాయాలనే కూర్చున్నాను, రాస్తాను కూడా. అయితే నా కోపం ఇంకా చల్లారలేదు. చదివేవాళ్లు దాన్ని కూడా కాస్త భరించాలి.

మా వైపు చాలా ఇళ్లలోని మగవాళ్లలాగే మామ పడుచుతనంలో గల్ఫ్‌కు వెళ్లాడు. అక్కడ ఒక చమురు కంపెనీ క్యాంపులో డ్రైవరు. ఒక అమెరికా కుటుంబం ఉద్యోగం ముగించుకుని పోతూ పోతూ, అట్టపెట్టెల నిండా పాటల రికార్డులు, వాటిని వేసే మిషను గుమ్మం బయట పెట్టేశారట. తోటి డ్రైవర్లు టీవీ కోసం, ఫ్రిజ్ కోసం ఎగబడితే మామ ఆ పెట్టెలు మోసుకొచ్చాడు. వాటిలో ఉన్నవి రెండే రకాలు. బాకాలు, సాక్సోఫోన్లు ఊదే పాత జాజ్ ఒకటి. అమెరికా నల్లజాతి చర్చిల్లో చప్పట్లు చరుస్తూ గుంపుగా పాడే గాస్పెల్ ఒకటి. సెలవుకు ఇంటికొచ్చి సామాను విప్పిన రోజు వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. బంగారం లేదు, దుప్పట్లు లేవు, ఒక్క సెంటు సీసా కూడా లేదు. "గింత దూరం పోయి నల్ల పెనాలు తెచ్చినవా?" అని అత్తమ్మ నలుగురిలో అడిగేసిందట. ఆ మాట మామే చెప్పుకుని పడీపడీ నవ్వేవాడు.

నేను ఇంటర్ తప్పి ఇంట్లో తిట్లు తింటున్న రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం గోడ మీది నుంచి పిలిచాడు. వెళ్లి కూర్చున్నాను. అత్తమ్మ మా ఇద్దరికీ చాయ్ పెట్టి బీడీల చాట తీసుకుని వెనక వాకిట్లోకి పోయింది. ఆయన రికార్డును అంచులు తప్ప ఎక్కడా ముట్టుకోకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పాత బనీను గుడ్డతో తుడిచి, సూది పెట్టాడు. ఎవరో ఆడమనిషి గొంతు చించుకుంటోంది. వెనక గుంపు జవాబు చెబుతోంది. నాకు ముక్క అర్థం కాలేదు.

"ఏం సమజైతది మామా నీకు గీ పాటల?"

"నీ అవ్వ ఏడిస్తె నీకు సమజ్ కాదారా? ఏ భాషల ఏడుస్తదని చూస్తవా?" అన్నాడు. తిరుగుతున్న రికార్డు వైపు వేలు చూపి, "ఈమె దేవునితోని కొట్లాడుతుంది విను. రమ్మంటుంది, ఆయన వస్తలేడు" అన్నాడు.

అంతే, నేను ఆ పాటలకు చిక్కాను. ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. సూది దిగాక మాట్లాడకూడదు, లేవకూడదు, దగ్గినా గుడ్లురిమేవాడు. పాట అయ్యాక మాత్రం కొట్లాట. ఆ బాకా ఆయనకు ఏడుస్తున్నట్టు వినిపిస్తే నాకు ఎగతాళి చేస్తున్నట్టు వినిపించేది. ఆయనకు డ్రమ్ములు ఎక్కువయ్యాయి, నాకు చాలలేదు. "నీ చెవులు చెవులేనారా?" అని లేచి, పళ్లెం మీద మళ్లీ అదే వైపు వేసి వినిపించేవాడు. నేను నా సొంత మిషను కొనుక్కుని, ఆయన దగ్గర ఉన్న రికార్డులే వెతికి వెతికి ఒక్కొక్కటిగా సంపాదించాను. ఇంట్లో నాకు పిచ్చి పట్టిందనే అనుకున్నారు.

ఫోన్లు చేతికొచ్చాక మాలాంటి పిచ్చివాళ్లు ఇంకొందరు దొరికారు. రైల్వే గేటు దగ్గరి ఫోటో స్టూడియో అన్న ఒకడు. డోంగ్లిలో ఉంటూ మహారాష్ట్ర సంతల నుంచి పాత సామాన్లు తెచ్చే తమ్ముడొకడు. మాచారెడ్డి పంతులొకాయన. మామ గ్రూపు పెట్టించాడు, దానికి 'ఆదివారం సూది' అని పేరు కూడా ఆయనే పెట్టాడు. ఆదివారం భోజనాలయ్యాక ఎవరు ఏ రికార్డు వేస్తున్నారో ఫోటో తీసి పెట్టాలి. నియమం ఒక్కటే. ఆ క్షణాన తిరుగుతున్న రికార్డు ఫోటోనే పెట్టాలి, సూది దాని మీద కనబడాలి. ఒకసారి మాచారెడ్డి పంతులు ఊరికి పోయి, ఇంట్లో ఎప్పుడో తీసిన ఫోటో పెట్టాడు. కిటికీ ఎండ పడిన తీరు చూసి మామ పట్టేశాడు. "వినకుండ విన్నననుడు, తినకుండ తేన్పుడు ఒక్కతీరే సారూ" అని అందరి ముందూ అనేసి ఆయన్ను గ్రూపులోంచి తీసేశాడు. ఎంత బతిమాలినా మళ్లీ చేర్చుకోలేదు. అప్పుడు నాకు మామ మీద ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను. ఇప్పుడు ఆ సంగతి తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

అత్తమ్మ పోయాక కొడుకు ఉద్యోగం ఎల్లారెడ్డికి మారింది. మామ, కోడలు, పిల్లలు అక్కడికే వెళ్లిపోయారు. ఆదివారాలు పోతాయని నేను దిగులుపడితే ఆయన ధైర్యం చెప్పాడు. "నువ్వాడ వెయ్యి, నేనీడ వేస్త. ఒక్క పాట రెండూర్లల్ల తిరుగుతది. గింతకంటె ఏం గావాలె?" నిజంగానే అలా సాగింది. మామ ఫోటో పెట్టగానే నేను అదే రికార్డు తీసి అదే వైపు వేసేవాణ్ణి. తర్వాత గ్రూపులోనే కొట్లాట. అవతల ఎల్లారెడ్డిలో మామ, ఇవతల నేను, ఒకే గొంతు వింటున్నామనుకుంటే నాకు ఆ వారమంతా సరిపోయేది.

ఒకసారి పాత చర్చి బృందం రికార్డు ఒకటి పెట్టి మామ ఇలా మాట్లాడి పంపాడు: "రెండో వైపు ఆఖరి పాట విను. గుంపంత ఆగిపోయినంక ఒక్క ఆడమనిషి ఒక్క వరస పాడుతది చూడు. దానికోసమే ఈ రికార్డు." నేను వేశాను. గుంపు ఆగలేదు. చివరిదాకా అందరూ కలిసే పాడారు, కలిసే ముగించారు. మళ్లీ వేశాను. ఒంటరి గొంతు లేదు.

రికార్డులు పోగుచేసేవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన నాకు వచ్చింది. ఒకే పాటల రికార్డును కంపెనీవాళ్లు వేర్వేరు కాలాల్లో అచ్చు వేస్తారు. ఒక అచ్చులో ఉన్న ముక్క ఇంకో అచ్చులో కోసేస్తారు. అంటే మామ దగ్గరున్నది అరుదైన మొదటి అచ్చు! గ్రూపులో అదే రాశాను, పండుగ చేసుకుంటూ రాశాను. స్టూడియో అన్న "కావచ్చు" అన్నాడు. డోంగ్లి తమ్ముడు "దొరికితే చెప్తనన్నా" అన్నాడు. మామ మాత్రం ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అప్పటి నుంచి నేను ఆ అచ్చు కోసం తిరగని చోటు లేదు. హైదరాబాద్‌లో ఆదివారం పాత సామాన్ల బజారులో దుమ్ము మింగాను. బొంబాయి దుకాణాలకు ఫోన్లు చేశాను. దొరికిన ప్రతి అచ్చూ తెప్పించి చివరి పాట విన్నాను. అన్నిట్లోనూ గుంపే.

ఆయన్ను కలుసుకోలేదా అంటారేమో. కలిశాను. డాక్టరుకు చూపించుకోవడానికి కామారెడ్డి వచ్చినప్పుడల్లా మా షాపులోనే కూర్చునేవాడు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు, ముసలితనం అనుకున్నాను. ఒకసారి నేనే ఎల్లారెడ్డి వెళ్తే బస్టాండులోనే ఎదురొచ్చి, ఇంట్లో చుట్టాలున్నారని హోటల్లో పూరీ తినిపించి, వచ్చిన బస్సే ఎక్కించి పంపాడు. నేనంత తెలివైనవాణ్ణి కాబట్టి చేయి ఊపి వచ్చాను.

కబురు విని వెళ్లిన ఆ రోజు, దహనం అయ్యాక మామ ఇంటికి తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నాం. మామ గది తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లాను. మంచం ఉంది, కుర్చీ ఉంది. గోడవారన అలమర నిండా బీడీ ఆకు కట్టలు. మిషను లేదు, ఒక్క రికార్డు లేదు.

"చెల్లె, మామ పాటల సామానేది?" అని కోడల్ని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "గవన్ని ఎప్పుడో తీసుకపోయిండ్రు గదన్నా. మేమీడికొచ్చిన కొత్తల్నే. మామయ్యకు చేతులు వణుకుతుండె. ఓనాడు సూది జారి పాట మీద పెద్ద గీత పడ్డది. ఆనాడు బువ్వ తినలే. నేను పెడ్తనంటె నన్ను ముట్టనియ్యలే. తెల్లారి ఫోటో స్టూడియో అన్నకు ఫోన్ చేస్తె ఆటో తెచ్చి మొత్తం ఎక్కించుకపోయిండు. నీకు తెల్వదా?"

తెలియదు. నాకొక్కడికే తెలియదు. స్టూడియో అన్న బయట టెంటు కింద కూర్చుని ఉన్నాడు. లేపి పక్కకు తీసుకుపోయాను.

"ప్రతి ఆదివారం నేనే ఏసి, ఫోటో తీసి మామకు పంపుతుంటి. మామ గ్రూపుల పెడుతుండె" అన్నాడు, నేల చూస్తూ. "పాట సంగతి యాదికి ఉన్నది ఉన్నట్టు చెప్తుండె. గంతె తమ్మీ."

"అందరికీ తెలుసా?"

"తెలుసు."

"నేను ఆ అచ్చు కోసం బొంబాయి దాకా ఎతుకుతుంటే అందరు కలిసి చూసిండ్రా? డోంగ్లి తమ్ముడు సుత?"

"మామ ఒట్టు పెట్టించుకున్నడు. ఏం జెయ్యమంటవ్?"

అసలు అడగాల్సింది అప్పుడు అడిగాను. "నాకెందుకియ్యలే అన్నా? నీకెందుకిచ్చిండు?"

"నేను గదే అడిగిన మామను. వానికిస్తె వాడు నన్ను చూసి పాపం అనుకుంటడు, నేనేమన్న ఔను ఔను అంటడు అన్నడు. నాతోని కొట్లాడెటోడు ఒక్కడన్న ఉండాలె అన్నడు."

ఈ మాటకు నేను కరిగి నీరైపోతానని స్టూడియో అన్న అనుకున్నాడు. కరగలేదు. కొట్లాట కావాలంటే నిజం చెప్పి కొట్లాడవచ్చు. పంతుల్ని ఒక్క ఫోటోకు వెళ్లగొట్టిన మనిషి, అన్ని ఆదివారాలు నాకు రికార్డుల్లేని అలమర ముందు కూర్చుని కబుర్లు చెప్పాడు. మేమిద్దరం కలిసి వింటున్నామనుకున్న వేళ నేనొక్కణ్ణే విన్నాను. ఆ రికార్డు స్టూడియో అన్న దగ్గరే ఉందని తెలిసీ నన్ను వెతకనిచ్చాడు. నాకు వినడం నేర్పింది ఆయనే, నన్ను చెవిటివాణ్ణి చేసిందీ ఆయనే. ఎవరి మీద అరవాలో తెలియక, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను.

దినాలకు పోనని అనుకున్నాను. పోకుండా ఉండలేకపోయాను. మా వైపు దినాల నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెడతాం. మామ ఫోటో ముందు విస్తట్లో కోడికూర, గారెలు పెట్టారు, పక్కన కల్లు ముంత పెట్టారు. స్టూడియో అన్న ఆటోలో మామ మిషను, కొన్ని రికార్డులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏది వేయాలో నన్నే చెప్పమన్నాడు, నా ముఖం చూడకుండా. ఆ చర్చి బృందం రికార్డు తీసి రెండో వైపు తిప్పి నేనే సూది పెట్టాను. ఒకటే అనుకున్నాను. ఆ ఒంటరి గొంతు ఇందులో కూడా లేకపోతే మామ నాకు చెప్పిన ఒక్క మాటా ఇక నమ్మనవసరం లేదు.

చుట్టాలు, పిల్లలు, వండేవాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. చివరి పాట వచ్చింది. గుంపు పాడింది, చప్పట్లు చరిచింది, అందరూ కలిసి ఒక్కసారే ముగించారు. నా దగ్గరున్న అచ్చే. పాట అయిపోయింది.

అప్పుడు ఒక గొంతు వినిపించింది, సన్నగా, ఒక్క వరస. నేను మిషను వైపు వంగాను. మిషను కాదు. కూరగిన్నె పట్టుకుని అటుగా పోతున్న కోడలు. తను పాడినట్టు తనకే తెలియదు.

"అదేంది చెల్లె?"

"ఏందన్నా?"

"ఇప్పుడు పాడినవు గద."

ఆమె ఆలోచించి తెచ్చుకుంది. "గదా? అత్తమ్మది. కామారెడ్డిల ఉన్నప్పుడు మేమిద్దరం బీడీలు చేసుకుంట కూసుంటె మామయ్య గీ పాట ఏస్తుండె. పాట బందైనా అత్తమ్మ బందు చెయ్యకపోతుండె. ఇంకొంచెం పాడుతుండె. మామయ్య నవ్వుకుంట, సూది లేపకుండ గట్లనే కూసుంటుండె."

"నేనెప్పుడూ ఇనలే."

"నువ్వొస్తె ఎన్కకు పోతుండె గదన్నా. సిగ్గు."

అన్నేళ్ల ఆదివారాలు ఆ ఇంట్లో కూర్చున్నవాణ్ణి నేను. ఆయన అసలు విన్న పాట ఇదని, నేను ఒక్కనాడూ వినలేదని, ఇప్పుడు దినాల నాడు తెలిసింది. ఎల్లారెడ్డిలో ఆ కుర్చీలో కూర్చుని మామ నాతో కలిసి వినలేదు. పోయిన అత్తమ్మతో కలిసి విన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, అది దుఃఖమో కోపమో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

"ఒక్కసారి మళ్ల పాడు చెల్లె" అన్నాను.

"అయ్యో, గింతమంది ముందటనా?" అంది. స్టూడియో అన్న తలెత్తి చూశాడు. ఆమె గిన్నె కింద పెట్టింది, కొంగుకు చేతులు తుడుచుకుంది. మా వైపు చూడకుండా గోడవైపు తిరిగి నిలబడి, ఇంగ్లీషూ కాని తెలుగూ కాని ఆ వరసను, గోడ మీద అరచేత్తో మెల్లగా తాళం వేసుకుంటూ పాడింది.