మండని పుండు

మా బావకి నోరూ చెయ్యీ ఊరుకునేవి కావు. తోళ్ల గోదాములో పచ్చి తోలు పరిచి గుప్పెళ్లతో ఉప్పు రుద్దుతూనే అందరినీ వెక్కిరించేవాడు. అక్కడ చేతులకు గాట్లు లేనివాడు ఒక్కడూ లేడు. ఆసుపత్రికి పోవాలో వద్దో ఉప్పే తేల్చేది. మండితే గాయం పచ్చిగా ఉన్నట్టు, మండకపోతే మానినట్టు. ఇంతకంటే తెలివితక్కువ లెక్క ఇంకోటి ఉంటుందా? అయినా అందరం దాన్నే నమ్మాం.

ఒకసారి బావ ముంజేతి మీద చిన్న పొక్కు లేచింది. అది చితికి, నడుమ బొగ్గులా నల్లబడింది. చెయ్యంతా ఉబ్బింది. మా అక్క గోల పెట్టింది.

"ఏమయ్యా, నా మాట విని ఆసుపత్రికి పద."

"ఉప్పు రుద్దినా చురుక్కుమనట్లేదే! మానిపోయే పుండుకి ఆసుపత్రి దేనికి? ఏరా బావమరిదీ, మీ అక్కకి నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందిరా?"

జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడిపోయాకే బావని మోసుకెళ్లాం. పుండు చూడగానే డాక్టరమ్మ మొహం మారిపోయింది.

"ఇది ఆంత్రాక్స్. రోగంతో చచ్చిన పశువు తోలు నుంచి అంటుకుంటుంది. ఈ పుండు నొప్పి పెట్టదమ్మా, అదే దీంతో చిక్కు. మొదట్లోనే వచ్చుంటే మందుతో తగ్గేది."

బావ దక్కలేదు. అంత మనిషి, గోరంత పుండుకి పోయాడు. చచ్చిన గొడ్డుని పూడ్చకుండా తోలు ఒలిచి అమ్మినవాడి చేతులు పడిపోను!

అప్పుడు దిగారు ఆరోగ్యశాఖవాళ్లు. గోదాముకి తాళం వేశారు. రబ్బరు తొడుగులు, బూట్లు తెచ్చారు. ఇన్నేళ్లూ అవి ఏ మూల చచ్చాయో! గోదాము ముందు మమ్మల్ని నిలబెట్టి, పుండున్నవాళ్లు ముందుకి రమ్మని డాక్టరమ్మ బతిమాలింది. పని పోతుందని అందరం తలలు దించుకున్నాం.

అక్క ఊరుకోలేదు. వరసన ఒక్కొక్కరి చొక్కా చెయ్యి పైకి లాగి చూసింది. నా మోచేతి కింద పొక్కు దగ్గర ఆగిపోయింది.

"మండుతోందా?"

బావ పోయిన ఇంట్లో ఇంకో పుండు మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మండుతోందక్కా. బాగా మండుతోంది."

అక్క గోదాము బయట పడున్న బస్తాలోంచి గుప్పెడు ఉప్పు తీసి పొక్కు మీద అదిమి రుద్దింది. నా మొహంలోకే చూస్తోంది.

"అరవరా! ఒక్కసారి అరవరా నాన్నా!"

నాకు అరుపు రాలేదు. అక్క నా చొక్కా పట్టుకుని డాక్టరమ్మ ముందుకి ఈడ్చుకెళ్లింది.

"వీడికీ నొప్పి లేదమ్మా!" అని బావురుమంది.