టాపు మాత్రం ఫ్యాక్టరీది కాదు

జెద్దాలో నేను ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన వర్క్‌షాపు ఊరి చివర సనాయ్యాలో ఉండేది. మన దగ్గర ఆటోనగర్ ఎలాగో అక్కడ సనాయ్యా అలాగ. కడపలో ఐటీఐ చదివి, ప్రొద్దుటూరులో కొన్నాళ్ళు లారీల వైరింగ్ చేసి, రెండు వేల సంవత్సరం దాటాక అక్కడికి వెళ్ళాను. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, ఏసీలు నా పని. బాగా చేస్తానని పేరుండేది గాని, నలుగురిలో చెప్పుకునేంత ఏముంది అందులో అనుకునేవాణ్ణి. ఒక్క కారు విషయంలో మాత్రం చెప్పుకుంటాను. ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

అది పాత అమెరికా కారు. డెబ్భైల మొదట్లో తయారైంది. రెండే తలుపులు, పడవంత పొడవు, ఒళ్ళంతా తెలుపు, పైన నల్ల రెక్సిన్ టాపు. ఒక చలికాలం ఉదయం దాన్ని ట్రాలీ మీద తెచ్చి మా వాకిట్లో దించారు. దాని యజమాని ముందుగానే రిటైరైన బడిపంతులు, యాభై దగ్గర పడ్డ మనిషి. సనాయ్యాలో అందరూ ఆయన్ని ఉస్తాజ్ అని పిలిచేవారు, అంటే మాస్టారు అని.

కారు వాళ్ళ నాన్నది. ఆ పెద్దాయన రేవులో ఓడలకు దారి చూపే పడవ నడిపేవాడట. షోరూములో కూర్చుని, ఏమేం కావాలో ఒక్కొక్కటీ తనే రాయించి, అమెరికా ఫ్యాక్టరీలోనే అవన్నీ బిగించి పంపేలా ఆర్డరిచ్చాడట. కారు ఓడలో వచ్చేదాకా నెలల తరబడి ఎదురు చూశాడట. ఏసీ, గడియారం, కరెంటు అద్దాలు, నల్ల టాపు అన్నీ తను కోరి తెప్పించుకున్నవేనని ప్రతి పండక్కీ ఇంట్లో చెప్పేవాడట. అలా అదనంగా కోరి పెట్టించుకునే వాటినే ఆప్షన్లంటారు.

అప్పటికే ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మధ్య పాతకార్ల వ్యాపారి ఒకడు ఇంటికొచ్చి, బానెట్ ఎత్తి చూసి, ఇది మామూలు కారేనని తేల్చేశాడు. ఏసీ తర్వాత ఇక్కడెవరో బిగించారని, డాష్‌బోర్డు కూడా వేరే కారుదని అన్నాడు. ఆ మాట ఉస్తాజ్‌కు ముల్లులా గుచ్చుకుంది.

మా ఫోర్‌మన్ పాకిస్తానీ. వైర్ల సంగతి వీడికే తెలుసని నన్ను ముందుకు నెట్టాడు. ఉస్తాజ్ నా కళ్ళలోకి చూసి నిదానంగా, నాకర్థమయ్యే అరబ్బీలో అన్నాడు.

"నేను దీన్ని అమ్మను. దీని ధర నాకక్కర్లేదు. మా నాన్న చెప్పింది నిజమా కాదా, అది చెప్పు చాలు."

రెండు వారాలు గడువడిగాను. నిజానికి ఆ రోజుకి నాకు ఆ కారు గురించి ఏమీ తెలియదు.

ఊళ్ళో షరఫియా అనే పేటలో ఒక మలయాళీ నడిపే ఇంటర్నెట్ కెఫేకి రోజూ సాయంత్రం పోయేవాణ్ణి. అమెరికాలో ఇలాంటి కార్ల మీద పిచ్చి ఉన్నవాళ్ళు పేజీలకు పేజీలు రాసి పెట్టారు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ప్రింటు తీసుకుని, గదికి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. ఫ్యాక్టరీలో పనివాళ్ళకు ప్రతి కారుకీ ఏమేం బిగించాలో ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చేవారని, పని అయ్యాక వాళ్ళు దాన్ని సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదో వదిలేసేవారని అందులో చదివి ఎగిరి గంతేసినంత పని చేశాను. మర్నాడే వెనక సీటు విప్పాను. కాగితం ఉంది. కానీ ఎలుకలు కొరికి ముక్కలై, నలభై ఏళ్ళనాటి తేనెపట్టులా ఉంది. ముట్టుకుంటే పొడైంది. ఒక్క అక్షరం మిగల్లేదు.

ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. కాగితం పోతేనేం, కారే కాగితం కదా అని తర్వాత తట్టింది. మనిషి చేసిన పని ఇనుము మీద ఉండకుండా ఎక్కడికి పోతుంది?

ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ దగ్గర మొదలుపెట్టాను. ఏసీ గొట్టాలు వెళ్ళే పెద్ద రంధ్రం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ తీశాను. చేత్తో కోసిన రంధ్రమైతే అంచు పదునుగా ఉంటుంది, ఆకురాయి గీతలు కనపడతాయి. దీని అంచు అచ్చుతో కొట్టినట్టు ఒకే తీరుగా లోపలికి తిరిగి ఉంది. పైగా కారు అసలు తెల్లరంగు ఆ అంచు మీదుగా లోపలిదాకా పారి ఉంది. అంటే రంగు వేయకముందే ఆ రంధ్రం ఉంది.

తర్వాత నా సొంత విద్య. డాష్‌బోర్డు కింద పడుకుని, వైర్ల జడ మీద చుట్టిన టేపు వేలితో తడుముకుంటూ పోయాను. ఎక్కడన్నా కోసి అతికితే నా వేలికి తెలియకుండా పోదు. ఏసీ వైరు, గడియారం వైరు, అద్దాల వైర్లు, అన్నీ ఒకే జడలో మొదటినుంచీ కలిసి వచ్చాయి. నాలుగు రోజులు వెల్లకిలా పడుకుని, ప్రతి వైరూ ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతుందో నోట్‌బుక్కులో బొమ్మ గీశాను. ఒక్క రేడియో వైరు ఎవరో మార్చారు గాని, మిగతా జడలో అతుకన్నది లేదు. డాష్‌బోర్డు వేరే కారుదైతే ఇది కుదిరే పని కాదు.

వ్యాపారి మాట తప్పని తేలింది. అక్కడితో ఆపి ఉంటే అందరూ సంతోషించేవారు. కానీ టాపు మిగిలింది.

రేకు గోడ మీద రివెట్లతో బిగించిన చిన్న పలక ఒకటుంటుంది. దాని మీద రంగు కోడూ, టాపు కోడూ కొడతారు. ఈ కారు పలక మీద రంగు కోడుంది, టాపు కోడు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అనుమానమొచ్చి పక్క షాపులో సీట్ల పని చేసే నిజామాబాద్ ఆయన్ని పిలిచాను. చేతి సంచీతో వచ్చి, వెనకద్దం దగ్గర టాపు అంచు బెత్తెడు మేర మెల్లగా లేపాడు. లోపల తెల్లరంగు మెరుస్తూ పూర్తిగా ఉంది. నేను చదివినదాని ప్రకారం ఫ్యాక్టరీ టాపుకైతే కింద ఇలా పూర్తి రంగు వేయరు, అంచు పట్టీ పట్టడానికి రేకుకు వెల్డు చేసిన మేకులుండాలి. ఇక్కడ డ్రిల్లుతో పొడిచి స్క్రూలు బిగించారు.

"ఎట్లుంది భాయ్?" అన్నాను.

ఆయన కుట్టు మీద గోరుతో గీసి చూశాడు. "గిది ఫ్యాక్టరీది కాదన్నా. ఈ దారం గీ సూక్ బజార్ల దొరికేదే, నేను గూడ గిదే వాడుత. కుట్టినోడు మంచి పనోడే, గని ఈడనే కుట్టిండు."

"ఉస్తాజ్‌కి ఎట్ల జెప్పేది?"

"జెప్పకుంటే నువ్వు గన్ని దినాలు కింద పండుకున్నది దేనికి?"

మా ఫోర్‌మన్ మాత్రం టాపు ఊసెత్తొద్దన్నాడు. ఆయనడిగింది ఏసీ గురించే కదా అన్నాడు. కానీ నా లెక్కలో ఆయనడిగింది వాళ్ళ నాన్న మాట గురించి. అందుకని ఉస్తాజ్ వచ్చినప్పుడు నోట్‌బుక్కు తెరిచి, ముందు ఏసీ, గడియారం, అద్దాలు చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. రంధ్రం అంచు మీద వేలు పెట్టి రెండుసార్లు తిప్పాడు. తర్వాత టాపు అంచు లేపి చూపించి, ఇది ఫ్యాక్టరీది కాదు, ఇక్కడ వేసింది అని చెప్పాను. ఆయన తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు.

వారం రోజులు రాలేదు. ఫోర్‌మన్ నాతో సరిగా మాట్లాడలేదు. పని చేస్తున్నానన్న మాటే గాని నా చూపు గేటు మీదే ఉండేది. ఒక పెద్దమనిషి చిన్నప్పటి నుంచి నమ్మిన దాన్ని నేను విరిచేశానా అని బాధగా ఉండేది. నోట్‌బుక్కు తీసి మళ్ళీ చూసుకునేవాణ్ణి. తప్పేమీ కనపడేది కాదు.

ఎనిమిదో రోజున ఉస్తాజ్ వచ్చాడు. ఆయన వెంట వాళ్ళక్క. నల్ల అబాయాలో, కర్ర పట్టుకుని, మెల్లగా నడుస్తూ వచ్చి ఆ పాతకారు వెనక సీట్లో కూర్చుంది. నన్ను దగ్గరకు పిలిపించి, తమ్ముడి ద్వారా కాకుండా తనే మాట్లాడింది.

"టాపు ఇక్కడిదే అని చెప్పింది నువ్వేనా?"

అవునన్నాను.

"నిజం చెప్పావు. నా పెళ్ళికి వేయించాడు మా నాన్న. పెళ్ళికూతురు ఎక్కే బండి కొత్తగా ఉండాలని ఒక యెమెనీ పనివాడి చేత కుట్టించాడు. వీడప్పుడు పసివాడు, వీడికేం తెలుసు? తర్వాత్తర్వాత నాన్న కూడా అన్నీ కలిపి ఒకే కథగా చెప్పడం మొదలుపెట్టాడు. నేనే మరిచిపోయాను. నీ మాట విని వీడొచ్చి అడిగాకే గుర్తొచ్చింది."

ఆవిడ నవ్వింది. ఉస్తాజ్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను పక్కకు తిరిగి పానాలు సర్దుతున్నట్టు నటించాను.

కొన్నాళ్ళకు సముద్రం ఒడ్డున పాతకార్ల ప్రదర్శన పెట్టారు. టాపు తీసేసి అసలు తెలుపు బయటపెడితే మార్కులు ఎక్కువ పడతాయని ఉస్తాజ్‌కు చాలామంది చెప్పారు. ఆయన తీయనివ్వలేదు. కారు ముందు పెట్టిన అట్ట మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చినవన్నీ రాయించి, కింద విడిగా, టాపు జెద్దాలో కూతురి పెళ్ళికి వేయించింది అని రాయించాడు. నన్ను ఇస్త్రీ చొక్కా వేసుకుని రమ్మని కబురు చేశాడు.

కార్లను పరీక్షించడానికి వచ్చినవాళ్ళలో రాస్ తనూరా చమురు కర్మాగారంలో పనిచేసే ఒక అమెరికన్ ముసలాయన ఉన్నాడు. అట్ట చదివి, ఈ లిస్టు ఎవరు రాశారని అడిగాడు. ఉస్తాజ్ నా భుజం మీద చెయ్యేసి ముందుకు తెచ్చి, "ఈయన్నడగండి. ఈ కారు గురించి నాకంటే ఈయనకే ఎక్కువ తెలుసు" అన్నాడు.

ఆ అమెరికన్ అరగంట నన్ను ప్రశ్నలడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, రాని చోట చేతులతో, రంధ్రం అంచూ వైర్ల జడా చూపించాను. రేడియో ఫ్యాక్టరీదేనా అని అడిగితే, తెలియదు, దాని వైరు ఎప్పుడో మార్చేశారు, అందుకే లిస్టులో రాయలేదు అన్నాను. ఆయన రాసుకోవడం ఆపి నా వైపు చూసి, తన దేశంలోనే ఈ మాట అనగలిగినవాళ్ళు తక్కువ అన్నాడు. టాపుకు మార్కులు కోసేశాడు. మొదటి బహుమతి వేరే కారుకు పోయింది. ఉస్తాజ్ దాన్నసలు పట్టించుకోలేదు.

సాయంత్రం తాళం నా చేతిలో పెట్టి, నడుపు అని తను పక్క సీట్లో కూర్చున్నాడు. సముద్రం వెంట రోడ్డు మీద, వందల మంది చూస్తుండగా నేనా బండి నడిపాను. ఏసీ చల్లగా వస్తోంది. ఫోర్‌మన్ వెనక సీట్లో కూర్చుని, మా ఎలక్ట్రీషియనే, మా షాపే అని కిటికీలోంచి కనపడినవాళ్ళకల్లా చెబుతున్నాడు. ఆ వారమే తాయిఫ్ నుంచి ఒకాయన ఇంకో పాతకారుతో మా గేటు దగ్గరకొచ్చి, నోట్‌బుక్కు ఉన్న హిందీవాడు, అంటే ఇండియావాడు, ఎవరని అడిగాడు.