ఛార్జింగ్ అయ్యేదాకా కూర్చోండి

ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు. వదినలో వంకలు వెతకడం మా జన్మహక్కు. ఆ హక్కుని నేను పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళాక కూడా వదులుకోలేదు. అలాంటిదాన్ని పనిగట్టుకుని కూర్చుని మా వదిన గురించి నాలుగు మంచి ముక్కలు చెప్తున్నానంటే ఆవిడ ఎలాంటి మనిషో మీరే ఊహించుకోండి.

వదిన కర్టెన్లు కుడుతుంది. ఇంట్లో ముందుగది మా అన్నయ్యది, వెనకగది ఆవిడ కుట్టుమిషనుది. ఆ వెనకగదిలో అడుగు తీసి అడుగు వేయాలంటే బట్టల తాన్ల మధ్య దారి చేసుకోవాలి. మనిషి సన్నగా, చురుగ్గా ఉంటుంది. నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు. వాటితోనే మాట్లాడుతుంది, వాటితోనే తిడుతుంది, ఇంతవరకూ ఒక్కటీ మింగలేదు.

అన్నయ్య పళ్ళ మార్కెట్లో వేలంపాట పాడేవాడు. పెట్టెల గుట్ట ఎక్కి నిలబడి "ఒకటోసారి, రెండోసారి" అన్నాడంటే సందు చివర టీ కొట్టులో గ్లాసులు కడిగేవాడికి కూడా ధర తెలిసిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అన్నయ్య నోరు మంచిదో కాదో గానీ పెద్దది. ఇంట్లో కూడా గొంతు తగ్గేది కాదు. మంచినీళ్ళు ఇమ్మని అడిగినా వేలం వేస్తున్నట్టే ఉండేది.

ఆ అన్నయ్య ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కొని ఊరుకున్నాడా? ఛార్జింగ్ కోసం ఎక్కడో వెళ్ళి పడిగాపులు పడటం తన వల్ల కాదని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. మీటరు దగ్గర్నుంచి విడిగా లావుపాటి వైరు లాగించి, ఎర్తింగ్ వేయించి, గేటు పక్క గోడకి ఛార్జింగ్ పెట్టె బిగించాడు. వానకి తడవకుండా పైన రేకు కూడా వేయించాడు. కారు కన్నా ఆ పెట్టెనే ఎక్కువసార్లు తుడిచేవాడు. ఆ ఎండాకాలం దాటకముందే అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లిగా దారిలోకి వచ్చాయి గానీ, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తను చెప్పాల్సిందీ లోపల ఉంటుంది, పదం మాత్రం దొరకదు. అంత నోరున్న మనిషి "ఊ", "ఆ" అని ఆగిపోతుంటే నేను ఎన్నిసార్లు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చానో.

వదినకి డ్రైవింగ్ రాదు. కారు అమ్మేశారు. పెట్టె మాత్రం గోడకి మిగిలిపోయింది.

మాటలు నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ ఒకటే చెప్పింది. ఆయన ఎంత మాట్లాడితే అంత తిరిగొస్తుంది, మాట్లాడకపోతే ఉన్నదీ పోతుంది అని. వదిన అది విని చాలా రోజులు ఏదో ఆలోచిస్తూ తిరిగింది. ఒకరోజు నాతో అంది.

"నేను పక్కనున్నంతకాలం మీ అన్నయ్యకి మాట రాదే."

"అదేం మాట వదినా?"

"ఆయన నోరు తెరిచేలోపు నేనే చెప్పేస్తున్నాను. 'నీ' అంటే నీళ్ళు, 'ది' అంటే దిండు. ఇంక కష్టపడి వెతుక్కోవాల్సిన పనేముంది ఆయనకి? ఇన్నేళ్ళ కాపురం, ఆయన ఏమంటారో నాకు ముందే తెలిసిపోతుంది. తెలియనివాళ్ళు కావాలి."

"మేమంతా లేమా?"

"ఉన్నారు, ఐదేసి నిమిషాలు."

నిజమే. చుట్టాలందరం వచ్చేవాళ్ళం. చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచి, చెయ్యి నిమిరి, ఆయన ఒక్క మాట కోసం తంటాలు పడుతుంటే చూడలేక "మళ్ళీ వస్తాం" అని లేచేవాళ్ళం. వదిన మమ్మల్ని తప్పుపట్టలేదు. "ఎక్కడికీ కదలడానికి వీల్లేని మనిషి కావాలే," అని మాత్రం అంది. అలాంటివాళ్ళు జైల్లో తప్ప ఎక్కడుంటారు అనుకున్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి గేటుకి ఒక అట్టముక్క వేలాడుతోంది. 'కారు ఛార్జింగ్ ఇక్కడ పెట్టుకోవచ్చు. అయ్యేదాకా లోపల కూర్చోవాలి.'

నాకు ఒళ్ళు మండింది. "దారినపోయేవాళ్ళని ఇంట్లోకి పిలుస్తున్నావా? ఏ దొంగో వస్తే?"

"రానీ. దొంగ మాత్రం మాట్లాడడా?"

"కాలనీ అంతా ఏమనుకుంటుంది?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అని గుండుసూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ఎవరూ రారనే అనుకున్నాను. వచ్చారు. ఆ పేటలో ఎలక్ట్రిక్ కార్లవాళ్ళ అవస్థ నాకు అప్పుడు తెలిసింది. అపార్టుమెంట్లో ఉండేవాళ్ళకి పార్కింగులో పాయింటు పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. షాపింగ్ మాల్ కింద రెండు మెషిన్లుంటే ఒకదానికి 'పనిచేయదు' అన్న కాగితం, రెండోదాని ముందు ఎవరిదో పెట్రోలు కారు. ఒక్కో మెషినుకి ఫోనులో ఒక్కో యాప్. అది ఓటీపీ అడుగుతుంది, ఆ సెల్లారులో సిగ్నల్ ఉండదు.

అందరికంటే ముందు వచ్చింది పళ్ళ డాక్టరమ్మ. రెండో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడదీసి కారుకి పెట్టుకునేదట. ఒకరోజు ప్లగ్గు కరిగి కాలిన వాసన వస్తే అపార్టుమెంటు మొత్తం మెట్లమీదికి పరిగెత్తుకొచ్చింది. ఆ దెబ్బతో ఆవిడ మొహం చెల్లక మా వదిన గేటు తట్టింది. వదిన ఆవిణ్ణి అన్నయ్యకి పరిచయం చేస్తూ, "మీ ఇద్దరిదీ పళ్ళ వ్యాపారమే," అంది. జబ్బు చేశాక అన్నయ్య పైకి నవ్వడం అదే మొదలు.

వచ్చిన ప్రతివాళ్ళకీ వదిన గుమ్మంలోనే ఒక మాట చెప్పేది. "ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించకండి. మీ కారు ఎలాగూ రెండు గంటలు కదలదు." కరెంటుకి ఎంతయిందో అంతే తీసుకునేది. టీ ఇచ్చి వెనకగదిలోకి వెళ్ళి మిషను మొదలుపెట్టేది. అతిథులు వెళ్ళేదాకా ఆ చప్పుడు ఆగేది కాదు. ఆర్డర్లు బాగా వస్తున్నాయేమోనని తొంగిచూస్తే, మిషను ఉత్తినే తిరుగుతోంది. సూది కింద బట్టలేదు, సూదికి దారం లేదు.

"ఇదేంటి వదినా?"

"ఆపితే ముందుగది మాటలు వినపడతాయి. వినపడితే నా నోరు ఊరుకోదు," అంది తొక్కుతూనే.

ఆ రోజు నుంచి వదినలో వంకలు వెతకడం మానేశాను. కనీసం పైకి అనడం మానేశాను.

తర్వాత టాక్సీ ఆయన వచ్చాడు. ఆయన ఇల్లున్న సందులో కారు పట్టదు, ఛార్జింగ్ పెట్టుకునే మాటే లేదు. మధ్యాహ్నం కిరాయిలు లేని వేళ వచ్చి కూర్చునేవాడు. ఆయనకి నోట్లో నాలుక ఉందో లేదో కూడా చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడ వంక చూస్తూ ఉండేవాడు. ఇలాంటివాణ్ణి తెచ్చి ఏం లాభం అనుకున్నాను. తీరా చూస్తే అందరికంటే ఎక్కువ పనికొచ్చింది ఆయనే. జీవితమంతా జనంతో ధర పలికించినవాడి ఎదురుగా ఒక మనిషి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే వాడికి ప్రాణం మీదికి రాదూ? ఒక మధ్యాహ్నం అన్నయ్య ఇంక ఉండబట్టలేక, ఖాళీ టీ గ్లాసు ఎడమచేత్తో పైకెత్తి, "ఒకటో... సారి," అన్నాడు.

టాక్సీ ఆయన రెప్పవేయలేదు. "నాది పది రూపాయలండీ," అన్నాడు.

"రెండో... సారి."

"పదిహేను."

"మూడోసారి!" అని అన్నయ్య గ్లాసుని బల్లమీద కొట్టాడు. అది పగిలింది. వెనకగదిలో మిషను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఇంకా గట్టిగా తిరిగింది.

వానాకాలం గడిచేసరికి అన్నయ్య మూడు నాలుగు మాటలు కలిపి చెప్పగలుగుతున్నాడు. డాక్టరమ్మతో పిప్పిపన్ను గురించి, టాక్సీ ఆయనతో రోడ్ల గురించి మాట్లాడేవాడు. ఆ మధ్య ఒక వాక్యం మాత్రం మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయేవాడు. "నాకు తెలుసు," అనేవాడు. ఎదుటివాళ్ళు ఆగేవాళ్ళు. "నాకు తెలుసు..." అని మళ్ళీ అని, మొహం ఎర్రబడి, చెయ్యి విదిలించి వదిలేసేవాడు.

ఇలా ఉండగా మెయిన్ రోడ్డు పెట్రోలు బంకులో ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ తెరిచారు. వరసగా మెషిన్లు, పైన లైట్లు, పక్కన కాఫీ. ఇక్కడ రెండు గంటలు పట్టేది అక్కడ అరగంటలో అయిపోతుంది. పళ్ళ డాక్టరమ్మ పాపం తనే వచ్చి, క్లినిక్ దారిలో ఉంది కాబట్టి అక్కడికి వెళ్తున్నానని చెప్పుకుంది. "దానికేముందండీ, సుఖం ఎవరికి చేదు?" అని వదిన నవ్వుతూ సాగనంపింది. ఒక్కొక్కరే తగ్గారు. టాక్సీ ఆయన కూడా రావడం మానేశాడు. ఆయన్ని మాత్రం ఎలా అంటాం, మిగిలిన టైములో ఇంకో కిరాయి దొరుకుతుంది.

ముందుగదిలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వీధిలో కారు శబ్దం వస్తే అన్నయ్య తల గేటు వైపు తిరిగేది. వారం గడిచేసరికి నాలుగు మాటలు రెండయ్యాయి, రెండు ఒకటయింది. 'ది' అంటే వదిన మళ్ళీ దిండు తెచ్చేస్తోంది. తెచ్చి, తన తల తనే కొట్టుకుంటోంది.

"జీతమిచ్చి ఎవరినైనా పెడదాం," అన్నాను.

"జీతానికొచ్చేవాడు గడియారం చూస్తాడే."

"పోనీ, వాళ్ళని ఎందుకు కూర్చోపెట్టుకున్నావో ఎప్పుడైనా చెప్పావా? చెప్పుంటే మానేవాళ్ళా?"

వదినకి కోపం వచ్చింది. "చెప్తే జాలిపడి వస్తారు. జాలిపడి వచ్చినవాళ్ళు ఆయన్ని చూస్తారు గానీ ఆయన మాట వినరు. నువ్వు కూడా పొరపాటున ఎక్కడా అనకు. మీ అన్నయ్యకి అసలు తెలియదు. మనమే నలుగురికి సాయం చేస్తున్నామనుకుంటున్నారు. అందుకే అంత దర్జాగా కూర్చుంటారు. తన కోసమని తెలిసిందా, ముడుచుకుపోతారు, ఇంక పెదవి విప్పరు."

అంత మాట అన్న మనిషి కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ వెనకగదిలోకి వెళ్ళింది. అన్నయ్య మాట మళ్ళీ పోతుందని నేను అప్పుడే నిజంగా భయపడ్డాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను ఇంకా అక్కడే ఉన్నాను. గేటు ముందు టాక్సీ ఆగింది. ఆయన దిగి, పాత అలవాటు ప్రకారం కేబులు తీసి కారుకి తగిలించాడు. నా బుద్ధి పోనిచ్చుకోనుగా, వెళ్ళి అద్దంలోంచి చూశాను. ఛార్జింగ్ నిండా ఉంది.

"ఫుల్లుగానే ఉందిగా?" అన్నాను.

"ఉందండీ. పొద్దున బంకులో పెట్టించాను."

"మరి ఇదేంటి?"

ఆయన తల గోక్కున్నాడు. "పోయినసారి ఆయన 'నాకు తెలుసు' అని ఆగిపోయారండీ. ఏం తెలుసో ఏమో. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. రెండు చోట్ల దారి కూడా తప్పాను. అరగంటలో తేలే పని కాదు కదా అని, సాయంత్రం దాకా కిరాయిలు వద్దనుకుని వచ్చేశాను."

"కేబులెందుకు మరి?"

"పెట్టకుండా వస్తే ఆయన ఏమనుకుంటారో."

లోపలికి వెళ్ళి టీ పెట్టాను. టాక్సీ ఆయన ఎప్పటి కుర్చీలోనే కూర్చుని ఎప్పటిలాగే గోడ వంక చూడటం మొదలుపెట్టాడు. వెనకగదిలో మిషను అందుకుంది. అన్నయ్య చాలాసేపు ఆయన మొహమే చూశాడు. టీ చల్లారింది.

"నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య.

టాక్సీ ఆయన తలూపాడు.

"నాకు తెలుసు... పె... పెట్టె..."

నాకు పెదాలు దురద పెడుతున్నాయి. గట్టిగా బిగబట్టుకున్నాను. ఆ మాట మిషను చప్పుడు దాటి వెనకగదిలోకి వినపడిందేమో, చప్పుడు ఆగింది. మెడలో టేపుతో వదిన గుమ్మంలోకి వచ్చేసింది. ఇన్నాళ్ళు ఆపుకున్నది ఆ రోజు ఆపుకోలేకపోయింది.

"పెట్టె పాడైందంటున్నారా? లేదండీ, బాగానే..."

అన్నయ్య చెయ్యెత్తాడు. "ఆగు," అన్నాడు. "నేను."

వదిన ఉన్నచోటే నిలబడిపోయింది. పెళ్ళయ్యాక మా వదిన మాటకి అడ్డం పడినవాడు లేడు.

"పెట్టె... వీధి కోసం కాదు," అన్నాడు అన్నయ్య. నుదురు చెమటపట్టింది. చూపు టాక్సీ ఆయన మీదే ఉంది గానీ చెయ్యి వదిన వైపు తిరిగింది. "నా కోసం. తను... మనుషుల్ని... తెచ్చింది. మొదటి... రోజే... తెలుసు."

వదిన గుమ్మం పట్టుకుంది. ముక్కు ఎర్రబడింది, కళ్ళు ధారలు కట్టాయి. అంతలోనే కోపం ముంచుకొచ్చింది.

"మొదటిరోజే తెలిస్తే, ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పరేమండీ!" అని అరిచింది.

మాటరాని మనిషిని పట్టుకుని ఏమందో ఆవిడకి ఆ తర్వాత తట్టింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. నేనూ టాక్సీ ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. నవ్వాలో వద్దో తెలియలేదు. ముందు నవ్వింది అన్నయ్యే. భుజాలు ఊగిపోతూ, దగ్గు వచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని వదిన వంక చూశాడు. పదం కోసం తీరిగ్గా వెతుక్కున్నాడు.

"చెప్పాగా," అన్నాడు. "ఇప్పుడు."