కలిపినవాడికే క్రెడిట్

పైన్ బ్లఫ్ ఊళ్ళో రైలు పట్టాలకి తూర్పున, నల్లవాళ్ళ పేటలో మిగిలిన ఒకే ఒక్క పెట్రోలు బంకు వెర్లీన్ గాథింగ్స్‌ది. రెండు పంపులు, వెనక ఒక వంటగది. ఆవిడ వేయించే క్యాట్‌ఫిష్ చేపల వాసనకి సగం మంది బండి ఆపుతారనీ, తక్కిన సగం ఆవిడ నోటికి జడిసి ఆపుతారనీ చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ రాస్కో అంటుండేవాడు.

హైవే మీద పెద్ద కంపెనీ బంకు తెరిచాక ఆగే బళ్ళు తగ్గాయి. అక్కడ గ్యాలన్‌కి ఇరవై రెండు సెంట్లు తక్కువ. జనాన్ని మరిగించుకుని ఆ తర్వాత ధర పెంచుతారులే అనుకుంది వెర్లీన్. ఏడాది గడిచినా పెంచలేదు.

ఒకరోజు తనకి పెట్రోలు తెచ్చే ట్యాంకర్ డ్రైవర్ డ్వేన్‌ని నిలదీసింది.

"నిజం చెప్పు నాయనా. నేను మీ దగ్గర కొనే ధర కన్నా వాళ్ళు అమ్మే ధరే తక్కువ. నష్టానికి అమ్ముతున్నారా?"

"నష్టమెక్కడిది మిస్ వెర్లీన్? వాళ్ళు ఉత్త పెట్రోలు కొని, మొక్కజొన్న ఇథనాల్ వాళ్ళే కలుపుకుంటారు. కలిపినవాడికి ప్రభుత్వ లెక్కలో క్రెడిట్ దక్కుతుంది. ఏటా ఇన్ని క్రెడిట్లు చూపించాలని రిఫైనరీలకి చట్టం. వాటికి దాన్ని అమ్ముకుని ధర తగ్గిస్తారు."

"నా పెట్రోల్లోనూ ఇథనాల్ ఉందిగా?"

"ఉంది. కలిపింది మా ఓనరు. క్రెడిట్ ఆయనది."

"మరి నాకు ధర తగ్గించడేం?"

డ్వేన్ గొట్టం చుట్టుకుంటూ నవ్వాడు. "ఆ మాట ఆయన్నే అడగండి. నా ఉద్యోగం నాకుండనివ్వండి."

అడిగింది. ఓనరు మర్యాదగానే మాట్లాడాడు. కావాలంటే మీరే కలుపుకోండి అన్నాడు. దానికి సొంత ట్యాంకులు, రిజిస్ట్రేషన్లు కావాలి. ఆవిడ ఏడాదంతా అమ్మేది హైవే వాళ్ళకి కొన్ని రోజుల సరుకు. పోనీ ఇంకొకరి దగ్గర కొందామంటే, ఈ ఓనరు కొత్త పంపులు వేయించినందుకు ఆయన దగ్గరే కొంటామని భర్త క్లిఫర్డ్ బతికుండగా రాసిచ్చిన పదిహేనేళ్ళ ఒప్పందం అడ్డం. ఇంకా తొమ్మిదేళ్ళుంది. మూసేద్దామంటే భూమిలో పాతిన ట్యాంకులు తవ్వించాలి, స్థలం అమ్మినా ఆ ఖర్చుకి చాలదు.

ఒక మంగళవారం పికప్ ట్రక్కు తీసుకుని తనే హైవే బంకుకి వెళ్ళింది. పక్క పంపు దగ్గర డీకన్ రాస్కో. చేతిలో గొట్టం, మొహం దాచుకునే చోటు లేదు.

"అక్కా... డయాలిసిస్‌కి లిటిల్ రాక్ దాకా వారానికి మూడుసార్లు వెళ్ళాలి..."

"సంజాయిషీ ఎవరడిగారు డీకన్ గారూ? నేనిక్కడికి చేపలు పట్టడానికొచ్చానా?"

ఆయన తేలిగ్గా నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. తన బంకులో ట్యాంకు నిండా పెట్రోలున్నా, పక్కవాడి దగ్గర కొనుక్కోవడమే చవకైపోయింది. తిరిగొచ్చేటప్పుడు, ఎవరి కంటా పడకూడదని సందుల్లోంచి ఇంటికి నడిపింది.

హైవేకి వెళ్ళగలిగినవాళ్ళంతా వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళే ఆవిడకి మిగిలారు. ముసలివాళ్ళ ఇళ్ళకి పోయి సేవ చేసే రేనెల్ వాళ్ళలో ఒకతె. కారు రిజిస్ట్రేషన్ గడువు దాటింది, హైవే ఎక్కితే పోలీసులు ఆపుతారని భయం. మూడేసి డాలర్లకి కొట్టించుకుంటుంది.

"ధర మళ్ళీ పెరిగిందే మిస్ వెర్లీన్?"

క్రెడిట్ సంగతి చెబుదామని నోరు తెరిచింది వెర్లీన్. చెప్తే మాత్రం ఆ పిల్ల కారులో ఇంకో చుక్క పడుతుందా?

"పెరిగిందమ్మా," అని, కాగితంలో ఓ చేప ముక్క చుట్టి కిటికీలోంచి అందించింది.

"జాలా?"

"ముళ్ళెక్కువ. ఎవరూ కొనరు."

ముక్కలో ముళ్ళు లేవు. రేనెల్‌కీ తెలుసు, తీసుకుంది.

ఇది జరిగి రెండేళ్ళయింది. మొన్న చలికాలంలో ఒక పంపు చెడిపోయింది. ఒప్పందం ప్రకారం బాగు చేయించాల్సింది వెర్లీనే. దానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, రెండో పంపుతో నడిపిస్తోంది. పొద్దున ఆరింటికి తెరుస్తుంది. ధర ఎంత పెట్టాలో డ్వేన్ వాళ్ళ ఓనరు ఫోను చేసి చెప్పాక, నిచ్చెన వేసుకుని బోర్డు మీద అంకెలు తనే మారుస్తుంది.