మేడం వస్తుందని ఆవును కడిగితే

నా తెలివి ఏపాటిదో చెబుతా, టీ తాగతా వినండి. పొలమారితే మాత్రం నన్ను అనొద్దు.

మా ఎర్రావుకు ఒంటి నిండా పిడుదులు. ఎన్ని మందులు కొట్టినా చావవు. రక్తం తాగి తాగి ఆవును ఎముకలగూడు చేసినాయి. పాలు అడుగంటినాయి. ఇట్లే ఉంటే ఆవు దక్కదని మా ఆయన మగ్గం ముందర కూచోని ఒకటే దిగులు. అప్పుడు పశువుల డాక్టరు చెప్పినాడు, పిడుదుల మీద రీసెర్చ్ చేసే మేడం ఒకామె ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊర్లు తిరుగుతాంది, ఏ మందుకు చస్తాయో తేల్చి చెబుతాది, శుక్రవారం మీ ఇంటికి పంపిస్తానని.

ఇంగ నేను ఊరుకుంటానా? అంత చదువుకున్న మనిషికి ఆవును అట్ల చూపిస్తే పరువేం కావాల? తెల్లారకముందే లేచి పిడుదులన్నీ ఏరి నిప్పుల్లో ఏసినా. సబ్బు పెట్టి రుద్ది కడిగినా. పసుపు పూసి, బొట్టు పెట్టి, కొమ్ములకు పూలు చుట్టి, పెండ్లిచూపులకు పిల్లను తయారు చేసినట్ల నిలబెట్టినా.

మేడం వచ్చింది. చిన్న పిల్లే. భుజాన సంచి, సంచి నిండా గాజు సీసాలు. ఆవు చెవుల్లో చూసింది, తోక ఎత్తి చూసింది, పొదుగు కింద టార్చి వేసింది. నేను పక్కన నిలబడి మురిసిపోతాండా.

"అమ్మా, పిడుదులేవి?" అనింది.

"అన్నీ తీసేసినా మేడం. ఒక్కటి కనబడితే అడుగు."

ఆ పిల్ల మొగం చూడాల! కడుపు నిండా రక్తం తాగిన తల్లి పిడుదులు, అదీ ప్రాణంతో ఉన్నవే కావాలంట. వాటిని ఒక్కో మందులో ముంచి, చస్తాయా గుడ్లు పెడతాయా అని దినాల తరబడి కనిపెట్టుకొని ఉంటేగానీ ఏ మందు పనిచేస్తాదో తేలదంట.

పక్కింటి ఖాజాబీ అక్క దగ్గరికి పరిగెత్తినా, నాలుగు పిడుదులు ఇయ్యక్కా అని. మా ఎనుముకు పిడుదులా, నోరు కడుక్కో అనింది. ఆ ఎనుమేమో సరిగ్గా అప్పుడే గుంజకు ఒళ్లు రుద్దుకుంటాంది. వీధంతా అడిగినా. మేడం వచ్చిందని తెలిసినాక ఒక్కరి గొడ్డుకూ పిడుదు లేదంట.

తిరిగొచ్చి చూస్తే ఆ పిల్ల మా కొట్టంలో, పేడలోనే మోకాళ్ల మీద కూచోని, రాతిగోడ సందుల్లోంచి చిన్న పట్టకారుతో పిడుదుల్ని తీస్తాంది.

"కడుపు నిండాక ఇవి రాలిపోయి గోడల్లో దూరతాయమ్మా, గుడ్లు పెట్టడానికి. మీరు ఆవును కడిగారు, వాటి ఇల్లు వదిలేశారు" అని నవ్వింది.

ఒక్క మాట కసురుకోలేదు. మనం కాలితో నలిపేసే దాన్ని మెల్లగా దూది పరిచిన సీసాలో పెట్టి, పైన మా ఊరి పేరు రాసుకునింది. చదువంటే అదీ! చేతులెత్తి మొక్కబుద్ధయింది నాకు.

కొన్నాళ్లకు ఫోన్ చేసి చెప్పింది, మేము ఇన్నాళ్లూ కొట్టిన మందుకు మా పిడుదులు చావవంట. డాక్టరుతో వేరే మందు రాయించింది. ఆయన చెప్పినట్లే ఆవుకూ కొట్టినాము, గోడలకూ కొట్టినాము. ఇప్పుడు ఎర్రావు మేత కోసం అరుస్తాంది, చెంబు నిండా పాలిస్తాంది.

రేపు మేడం మళ్లీ వస్తాదంట, ఆవు ఎట్లుందో చూసేదానికి. ఈసారి నేను ఆవు మీద చెయ్యి వేయలే. కొట్టం ఊడ్సలే. ఎందుకైనా మంచిదని నేను కూడా నిన్నట్నుంచి స్నానం చేయలే.