‘నాకూ అంతే’ అన్నాను

పన్నెండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. అంకెకు బరువేమిటని నవ్వుతారేమో, నవ్వండి. జనాన్ని నవ్వించడమే నా పని. టీవీలో ఆటల ప్రోగ్రాం నడిపే యాంకర్ని. చేతికి మైకు ఇస్తే నా నోరు ఆగదు, ఎదుటివాళ్లు ఒక మాట అనేలోపు నేను నాలుగు అంటాను. అలాంటి నోరు ఈ ఒక్క విషయం దగ్గర పన్నెండేళ్లుగా మూతపడి ఉంది. నా పేరు రాయడం లేదు. రాసే ధైర్యమే ఉంటే ఈ పత్రిక దాకా వచ్చేవాణ్ణి కాదు.

మమ్మల్ని చూడగానే జనం అడిగేది ఒకటే. ఎంత ఇస్తారు? పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన అడుగుతాడు, బ్యాంకు కౌంటర్లో అమ్మాయి అడుగుతుంది, ఆటో అతను అద్దంలోంచి చూస్తూ అడుగుతాడు. “ఏదో, బండి నడుస్తోంది లెండి” అని నవ్వేస్తాను. అందులో తప్పేం లేదు. నా సంపాదన ఊరందరికీ చెప్పాలని ఎక్కడుంది? కానీ ఒక మనిషి ఊసుపోక అడగలేదు. నేనిచ్చే జవాబును బట్టి రెండేళ్ల పనికి సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవడానికి అడిగింది. అది తెలిసే అబద్ధం చెప్పాను. తెలియక కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, మళ్లీ కింద ఎక్కడో మెత్తబడి సాకులు చెప్పుకుంటానేమోనని భయం.

ఆమెను స్వరూప అంటాను. అసలు పేరు కాదు. లాలాగూడ అమ్మాయి, తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా వాళ్లేమో భీమవరం వైపు నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. మధ్యాహ్నం పూట వచ్చే ఆడవాళ్ల ఆటల ప్రోగ్రాం మాది. స్పూన్లో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తడం, పేపరు కప్పులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం, కళ్లకు గంతలు కట్టుకుని మొగుడికి బొట్టు పెట్టడం, గెలిస్తే మిక్సీ, ఓడితే చీర. నా యాస ఒకటి, తన యాస ఒకటి. మేమిద్దరం తెర మీద కీచులాడుకుంటే జనం చూస్తారని ఛానల్‌వాళ్ల లెక్క. నిజంగానే చూశారు. నిజం చెప్పాలంటే ఆమె కోసం చూశారు. నేను రాసిచ్చింది చదివేవాణ్ణి, ఆమె ఎదురుగా ఉన్న మనిషిని చూసి మాట్లాడేది. బెదిరిపోయి నిలబడ్డ ముసలావిడని కూడా రెండు నిమిషాల్లో గంతులేయించేది.

చిలకలగూడలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకుని, పెళ్లిళ్లు లేని రోజుల్లో షూటింగ్ చేసేవాళ్లు. పెళ్లికొడుకు గదిలో నేను బట్టలు మార్చుకునేవాణ్ణి, పెళ్లికూతురి గదిలో ఆమె. రోజుకి నాలుగు ఎపిసోడ్లు తీసేవాళ్లం. ఒకటి అవగానే నేను చొక్కా మార్చాలి, తను చీర మార్చాలి, ప్రేక్షకులుగా వచ్చిన ఆడవాళ్లు కుర్చీలు మారాలి. టీవీలో చూసేవాళ్లకు అది సోమ, మంగళ, బుధ, గురువారాలు. మాకు మాత్రం ఒకటే రోజు.

అసలు సంగతి ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టండి. మా పనిలో డబ్బు రెండు రకాలుగా మాట్లాడుకుంటారు. రోజుకింత అని ఒక పద్ధతి, ఎపిసోడ్‌కింత అని ఇంకో పద్ధతి. స్వరూప మొదట్లో ప్రేక్షకుల్ని కుర్చీల్లో సర్ది కూర్చోబెట్టే పనికి వచ్చింది. ఒకరోజు రావాల్సిన యాంకరమ్మ రాకపోతే ఈమె చేతికి మైకు ఇచ్చారు. ఇంక అంతే, ఆ మైకు మళ్లీ ఎవరూ అడగలేదు. కానీ చేరినప్పటి పద్ధతి మారలేదు. లైట్లు మోసేవాళ్లకూ మేకప్ వాళ్లకూ ఇచ్చినట్టే ఆమెకూ రోజు లెక్కన ఇచ్చేవాళ్లు. మూడు వేలు. నేను చేరేముందు మా మేనమామ స్నేహితుడు ఒకాయన చెవిలో వేశాడు, ఎపిసోడ్ లెక్కన రాయించుకోమని. రాయించుకున్నాను. నాకూ మూడు వేలే. కాకపోతే ఒక్కో ఎపిసోడ్‌కి.

ఆమె నన్ను అడిగిన రోజు పొద్దున్నే, ప్రోగ్రాం డబ్బు లెక్కలు చూసే మేనేజరు నన్ను మెట్ల కిందికి పిలిచాడు. “ఆ పిల్ల ఇయ్యాల నీకెంతిస్తున్నమని నిన్ను అడుగుతది. యాంకర్లకని మాకిచ్చేది ఒకటే మొత్తం. ఆమెకు పెంచాలంటే నీ దాంట్లోంచే తియ్యాలె. ఇంక నీ ఇష్టం” అన్నాడు. అంతే అన్నాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. ఆరు నెలల కిందటే నేను ఫ్లాటు కొన్నాను. లోను నా నెత్తి మీద కూర్చుని ఉంది. మొదటి మూడు ఎపిసోడ్లు ఎలా చేశానో నాకు గుర్తులేదు. తలుపు చప్పుడైతే చాలు, వచ్చిందేమోనని అటు తిరిగేవాణ్ణి.

మూడో ఎపిసోడ్‌కీ నాలుగో ఎపిసోడ్‌కీ మధ్య వచ్చింది. ఆకుపచ్చ చీర, కుచ్చిళ్లు ఇంకా సర్దుకుంటూనే ఉంది, పళ్ల మధ్య పిన్నీసు. బయట ఫ్లోర్ మేనేజరు “షాట్ రెడీ” అని అరుస్తున్నాడు.

“అన్నా, ఒక్క మాట అడుగుతా. దాయకుండ చెప్తవా?”

“అడుగు.”

“ఇంకో ఛానలోళ్లు పిలుస్తున్రు. రోజుకు ఆరు వేలిస్తరంట. గని కొత్త ప్రోగ్రాం, నడుస్తదో నడ్వదో. ఈడ మేనేజరేమో రెండేండ్లకు సంతకం పెట్టమంటున్నడు, గదే మూడు వేలకు. పెంచమంటే, నీకు సుత గంతే ఇస్తున్నరంట, పోయి నిన్నే అడగమన్నడు. నిజమేనా?”

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ఆ గుండీ పెట్టడానికి ఎంతసేపు పట్టిందో!

“నాకూ అంతే, స్వరూపా.”

“మూడు వేలు?”

“మూడు వేలే.”

ఆమె పిన్నీసు పళ్లలోంచి తీసి చేతిలో పట్టుకుంది. నా మొహంలోకి చూసింది.

“రోజుకేనా?”

“రోజుకే.”

“అయితే ఇంక పరేషానెందుకు” అంది. నిజంగానే ఊపిరి పీల్చుకుంది. “నీయసొంటోనికే గంతిస్తుంటే నాకెవలు పెంచుతరు? గా మేనేజరు మాట నమ్మలే గని, నువ్వు చెప్తే ఐపాయె.” చెయ్యి చాచి నా జేబులోంచి పెన్ను తీసుకుంది. “ఇప్పుడే తెచ్చిస్తా” అని వెళ్లింది. సంతకం పెట్టి, పెన్ను తెచ్చి మళ్లీ నా జేబులోనే పెట్టింది. ఆ వెంటనే ఇద్దరం స్టేజీ ఎక్కి పక్కపక్కన నిలబడి, “అందరూ బాగున్నారా?” అని అరిచాం.

ఆ తర్వాత ఎన్నేళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నానో! నేను చెప్పిన అంకె నిజమే కదా? ఆమెకు మూడు వేలు, నాకూ మూడు వేలు, ఎవరైనా కాగితం చూపించమంటే చూపించగలను కదా? మేనేజరుకు జడిసి చెప్పానే తప్ప ఆమె నష్టపోవాలని కోరుకున్నానా? ఇలా ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ పోతాను, పేపరు కప్పులు పేర్చినట్టు, చివరికి వచ్చేసరికి “రోజుకేనా?” అన్న ఆమె మాట గుర్తొస్తుంది, మొత్తం కూలిపోతుంది. ఆమె సరిగ్గా అడగాల్సిందే అడిగింది. తప్పించుకోవడానికి నాకు సందు లేదు. అయినా “రోజుకే” అన్నాను. సిగ్గు లేకుండా కళ్లలోకి చూస్తూ అన్నాను.

రెండేళ్లు ఆమె మూడు వేలకే చేసింది. ఆ డబ్బు చాలేది కాదు. తండ్రి రిటైరయ్యాడు, తమ్ముడి చదువు ఇంకా సగంలోనే ఉంది. షూటింగ్ లేని రోజుల్లో బట్టల షాపుల ఓపెనింగులు, పుట్టినరోజు ఫంక్షన్లు, కాలనీ ఉత్సవాలు, ఏది పిలిస్తే దానికి వెళ్లేది. గరగరలాడే మైకుల్లో గంటల తరబడి అరిచేది. గొంతు బొంగురుపోతే వేడినీళ్లలో ఉప్పు వేసుకుని పుక్కిలించి మళ్లీ వచ్చేది. “జెర రెస్టు తీస్కోరాదు” అని మేకప్ ఆవిడ పోరుతుంటే విన్నాను. నేనూ పక్కనే ఉన్నాను. “అవును స్వరూపా, రెస్టు తీసుకో” అన్నాను. ఎంత పెద్దమనిషినో చూడండి.

డాక్టరు గొంతులో గడ్డలన్నాడు. ఆపరేషన్ అయ్యింది. మాట వచ్చింది గానీ ఆ గొంతు రాలేదు. రెండడుగుల దూరంలో ఉన్నవాళ్లకు మాత్రమే వినిపించే గొంతు మిగిలింది. గొంతు కోశాడు అని మనం ఎవరినైనా ఊరికే అనేస్తుంటాం. నేనిప్పుడు ఆ మాట వాడటం మానేశాను. ఆమె గొంతు పోవడానికి నేనే కారణమా? ఎవరు చెప్పగలరు? పన్నెండు వేలు వచ్చినా ఆమె ఆ ఫంక్షన్లన్నిటికీ వెళ్లేదేమో. కొత్త ఛానల్‌కి వెళ్లినా అరిచేదేమో. కావచ్చు. కానీ ఆ ‘ఏమో’ తేల్చుకునే హక్కు ఆమెది. దాన్ని నేను లాక్కున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మరీ మింగుడుపడదు. స్వరూప మానేశాక ఇంకో అమ్మాయి వచ్చింది. మొదటి రోజు నుంచే ఎపిసోడ్ లెక్కన రాయించుకుంది. నా డబ్బులో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. అంటే మేనేజరు మాట ఉత్తదే. ఆ రోజు నేను నిజం చెప్పినా నాకు పోయేదేమీ లేదు. మరి దేనికోసం చెప్పానండీ ఆ అబద్ధం?

పన్నెండేళ్లు గడిచిపోయాయి. లోను ఎప్పుడో తీరిపోయింది. నేను ఇంకా యాంకర్‌నే, ప్రోగ్రాం మారింది, జుట్టుకు రంగు వేస్తున్నాను. స్వరూప వాళ్ల వదినతో కలిసి పద్మారావు నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ పెట్టుకుంది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్స్. మా ఇంటికి అయిదు నిమిషాల నడక. మా ఆవిడ అక్కడికి తప్ప ఇంకెక్కడికీ వెళ్లదు. నేను మాత్రం వీలైనంతవరకు తప్పించుకుంటాను.

పోయిన నెల తప్పలేదు, జాకెట్టు ముక్క కొనాలని మా ఆవిడ వెంట తీసుకెళ్లింది. ఆ వారమే ఏదో వెబ్‌సైట్లో గేమ్ షో యాంకర్ల సంపాదన అని ఒక జాబితా వచ్చింది. ఎవరికి ఎపిసోడ్‌కి ఎంత అని వరసగా వేశారు. నా ఫొటో కూడా ఉంది. అంకె పెంచి వేశారు లెండి, కానీ ఎపిసోడ్‌కి అన్న మాట మాత్రం నిజం. నేను షాపులో అడుగు పెట్టేసరికి ఇద్దరు ఆడవాళ్లు ఫోనులో అదే చూస్తున్నారు. నన్ను చూసి ముసిముసిగా నవ్వారు. స్వరూప కౌంటర్ వెనకనుంచి ముందుకు వంగింది. ఆ బొంగురు గొంతుతోనే కష్టపడి, ఒక్కో మాటా పైకి లాగుతూ అంది.

“గవన్ని ఝూటా ముచ్చట్లమ్మా. ఎపిసోడ్‌కు గిట్ల ఎవలిస్తరు? మాకిచ్చేది రోజు లెక్కనే. అన్నకు నాకు ఒక్క తీరుగనే ఇచ్చిన్రు. నేనే సొయంగ అడిగిన, నాకు అబద్ధం చెప్పడు.”

అక్కడే చెప్పాల్సింది. పక్కన మా ఆవిడ ఉంది, ఆ ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. నవ్వాను. టీవీలో నవ్వే నవ్వే. ముక్కకు డబ్బివ్వబోతే స్వరూప చెయ్యి అడ్డం పెట్టింది. “నీ దగ్గర పైసలేందన్నా, తీస్కపో” అంది. తీసుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో మా ఆవిడ ఏదో మాట్లాడుతూనే ఉంది, నాకు ఒక్క ముక్క వినపడలేదు.

నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో మాటల్లో చెప్పలేను. అబద్ధం చెప్పింది నేను, దానికి పన్నెండేళ్లుగా కాపలా కాస్తున్నది ఆమె. మిగిలిన ఆ కాస్త గొంతు కూడా నాకోసం ఖర్చు పెడుతోంది.

నా అంకె మా ఆవిడకు తెలుసు, పన్నులు కట్టించే ఆయనకు తెలుసు, లోను ఇచ్చిన బ్యాంకుకు తెలుసు. అడిగిన ఒక్క మనిషికి తప్ప అందరికీ తెలుసు. అయిదు నిమిషాలు నడిచి వెళ్లి చెప్పడానికి నాకు కాళ్లు రావడం లేదు, మూడుసార్లు బయల్దేరి మందుల షాపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాను. అందుకే ఈ పత్రికకు రాస్తున్నాను. ఇది ఆమె కౌంటర్ మీద ఉంటుంది, గిరాకీ లేనప్పుడు చదువుతుంది. దొంగదారి అని నాకు తెలుసు. పేర్లు మార్చాను గానీ పెళ్లికొడుకు గదిని మార్చలేదు, ఆకుపచ్చ చీరను మార్చలేదు, పెన్నును మార్చలేదు. మీలో ఒక్కరికి మాత్రం ఇప్పటికే చేతులు చల్లబడి ఉంటాయి.

క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమించేస్తుంది, ఆ మనిషి అలాంటిది, నాకది వద్దు. ఆ రోజు నన్ను ఒకటి అడిగింది, దానికి జవాబు బాకీ ఉన్నాను. అంతే.

రోజుకేనా అని అడిగావు కదా. కాదు స్వరూపా. ఎపిసోడ్‌కి. రోజుకి పన్నెండు వేలు.

రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.