దర్జీ మాస్టారి మడమ

కుట్టుమిషను మీద నుంచి దారపుకండె జారిపడితే దర్జీ మాస్టారు వంగడు. మడమతో వెనక్కి దొర్లిస్తాడు. వెనక కూర్చుని కాజాలు కుట్టే భార్య "వచ్చిందయ్యా నీ బంతి" అంటూ అందుకుంటుంది. పదమూడుమంది ఆడే రగ్బీలో కిందపడ్డవాడు లేచి బంతిని అలాగే దొర్లించాలి. ఊళ్లో కుర్రాళ్లకు ఆ ఆట నేర్పింది ఆయనే. తర్వాత పదిహేనుమంది ఆడే రగ్బీ వచ్చింది. ఊరికి రెండూ కొత్తవే అయినా మైదానమూ కుర్రాళ్లూ అటే వెళ్లిపోయారు, చివరికి మేనల్లుడు కూడా.

ఆ కొత్త ఆటలో దేశపు జట్టు ఎంపిక పోటీకి వాడు దిగిన రోజు మాస్టారు గోడవారగా నిలబడి చూశాడు. పడ్డవాడు వెంటనే బంతిని వదిలేయాల్సిన ఆట అది. మేనల్లుడు పడ్డాడు, లేచాడు, మడమతో ముచ్చటగా వెనక్కి దొర్లించాడు. ఈల మోగింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదురోయ్!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. రెండోసారీ అదే చేసేసరికి వాణ్ణి బయటికి పిలిచేశారు.

"ఎంత చెప్పినా ఈ కాలు నీ మాటే వింటోంది మామయ్యా" అన్నాడు వాడు, బూట్లు విప్పుకుంటూ. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు కండె జారిపడింది. భార్య అలవాటుగా చెయ్యి చాచింది. మాస్టారు స్టూలు వెనక్కి జరిపి, నడుం పట్టుకుని, వంగి తీసుకున్నాడు.